అలిపిరిలో లేచిన ముల్లు: కారు ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుంది?

[దృశ్యం: అలిపిరి వైపు బారులు తీరిన కార్లు. తర్వాత డాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు, దగ్గరగా.]

నమస్కారం. తిరుపతి, మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. తనిఖీ కోసం కార్లన్నీ నత్తనడకన జరుగుతున్నాయి. మా కారులో ఏసీ పూర్తిగా పెట్టి ఉంది. ముల్లు సగం దాటి ఎర్ర గీత వైపు లేస్తోంది. తనిఖీ ముగిసి కారు కాస్త వేగం అందుకోగానే మళ్లీ దిగిపోయింది. వెనక సీట్లో ఉన్న మా పెద్దమ్మ "అంతా స్వామి దయ" అంది. దయ సంగతి ఆయనకే తెలియాలి గానీ, పెద్దమ్మా, మన ఫ్యాన్ తిరగడం లేదు.

అంతకు ముందు వారమే ఒక షెడ్డులో ఇదే జబ్బుకు, ఇంజిన్ నీటిని చల్లబరిచే రేడియేటర్ మార్పించాను. "వేడెక్కుతోంది" అన్నానే తప్ప ఎక్కడ, ఎప్పుడు అన్నది నేను చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. చివరికి తేలింది ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు. అరచేతిలో పట్టేంత చిన్న డబ్బా, కొన్ని వందల రూపాయల వస్తువు.

[దృశ్యం: బోనెట్ ఎత్తి ఉంది. రేడియేటర్, దాని వెనక ఫ్యాన్.]

కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడితే ఆ పని ఫ్యాన్ చేయాలి. కాబట్టి ట్రాఫిక్‌లో లేచి, చిత్తూరు రోడ్డెక్కగానే దిగే ముల్లు ఫ్యాన్ వైపు వేలు చూపిస్తోంది. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేయండి. చాలా కార్లలో ఫ్యాన్ వెంటనే తిరగాలి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే మోటారు బాగానే ఉంది, లోపం సెన్సర్‌లోనో వైరింగ్‌లోనో ఉంది. దేనికీ తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాతే మోటారు. చేతులు మాత్రం దూరంగా పెట్టండి. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది.

దీనికి తిరగబడిన కేసు ఇంకొకటి: ఊళ్లో బాగానే ఉంటుంది, హైవే మీద వేగం పెరిగితేనో, ఐదుగురితో ఘాట్ ఎక్కితేనో లేస్తుంది. అంటే నీటి ప్రవాహం చాలడం లేదు. రేడియేటర్ పూడుకుపోయి ఉండాలి, లేదా వాటర్ పంపు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీటిని రేడియేటర్‌లోకి వదిలే కవాటం) చూడాలి. ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ పై పైపు కాలిపోతూ, కింది పైపు చల్లగా ఉందా? థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. చాలా కార్లలో ఈ కవాటం 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవుతుంది.

[దృశ్యం: నీళ్లు కాచే పాత కాగు. అడుగున తెల్లటి గట్టి పొర.]

పూడుకుపోవడం ఎలాగో ఈ కాగు చూస్తే అర్థమవుతుంది. బోరు నీళ్లలోని సున్నం అడుగున ఇలాగే పేరుకుంటుంది. రేడియేటర్ లోపలి సన్నటి గొట్టాల్లోనూ అంతే. "నీళ్లే కదా" అని బిందెతో తెచ్చి పోసే అలవాటు నాకు నచ్చదు. దారిలో తప్పనిసరైతే పోయండి, షెడ్డు చేరాక మార్పించండి. కూలెంట్‌లో, అంటే రేడియేటర్‌లో పోసే రంగు ద్రవంలో, కలపడానికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. వేర్వేరు రకాల కూలెంట్లు కలపకండి. రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు.

[దృశ్యం: ఘాట్ రోడ్డు అంచున ఆగిన కారు, బోనెట్ కింద ఆవిరి.]

ఘాట్ మీదే ముల్లు లేస్తే ముందు ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టండి. చెమటలు పడతాయి, కానీ ఇంజిన్ వేడి కొంత మీ మీదికి వస్తుంది. పెద్ద గేరులో ఈడ్చకండి. గేరు తగ్గిస్తే పంపు వేగంగా తిరుగుతుంది. ఎర్ర గీత తాకితే మాత్రం సురక్షితమైన చోట పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. టైరు కింద రాయి పెడితే, బయలుదేరేటప్పుడు దాన్ని తీయండి. వెనక వచ్చే బైకు వాడి ప్రాణం ముఖ్యం.

కనీసం అరగంట వరకు రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉన్నందువల్లే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతుంది. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించడమూ తప్పే, లోహం పగలవచ్చు.

ముల్లును గుడ్డిగా నమ్మకూడని సందర్భం ఒకటుంది. పైపు తెగి నీళ్లన్నీ పోతే సెన్సర్‌కు తగలడానికి నీరే ఉండదు. ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందికి పడిపోవచ్చు. ఆవిరి, కూలెంట్ తియ్యటి వాసన వస్తే ముల్లు ఏం చెప్పినా ఆగండి.

[దృశ్యం: ఇంజిన్ ఆయిల్ మూత. లోపలి వైపు పాలు కలిపిన కాఫీ రంగు నురగ.]

ఈ నురగ, సైలెన్సర్ నుంచి ఆగని తెల్లటి పొగ, రెండూ కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండవచ్చు. ఇక కారు నడపకండి, లాగించుకుని వెళ్లండి.

మరమ్మతు అయ్యాక లోపల గాలి మిగలకూడదు. చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి, హీటర్ పెట్టి, బుడగలు ఆగి కింది పైపు వేడెక్కే వరకు కారు కదపకుండా ఇంజిన్ నడపండి. తగ్గినంత కూలెంట్ పోసి మూత బిగించండి. రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిచి, పొద్దున మట్టం చూడండి. తగ్గి ఉంటే, చుక్కలు ఎక్కడ పడ్డాయో అట్టముక్క చూపిస్తుంది.