పెట్టె మీది లీటర్లు వేరు, తొట్టెలో లీటర్లు వేరు

[తెర మీద: రెండడుగుల చేపల తొట్టె, మూలన మొక్క వెనక గప్పీలు]

ఈ గప్పీ చేపలు దాక్కోలేదండీ. కొట్టుకుపోకుండా మొక్కని అడ్డం పెట్టుకున్నాయి. రెండడుగుల తొట్టెకి 1000 ఎల్‌పీహెచ్, అంటే గంటకి 1000 లీటర్లు తిప్పే ఫిల్టర్ తగిలించి, "పెద్దదైతే నీళ్లు ఇంకా తేటగా ఉంటాయి కదా" అంటారు. ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. బందరు కాలువకి నిండుగా నీళ్లు వదిలినప్పుడు అందులో ఎదురీదుతూ అన్నం తినమంటే మనం తింటామా? మనకైతే ఎక్కడానికి గట్టన్నా ఉంది.

లెక్క సులువే. తొట్టెలు అడుగుల్లోనే కొంటాం కాబట్టి అడుగుల్లోనే చేద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి, వచ్చినదాన్ని 28.3తో గుణించండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టెకి 56.6 లీటర్లు. గులకరాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే మిగిలేది 48 దాకా. గప్పీ, మోలీ, టెట్రాలకి ఈ నీళ్లు గంటకి నాలుగైదు సార్లు తిరిగితే చాలు. 48 ఐదులు 240.

వెంటనే 240 రాసి ఉన్న ఫిల్టర్ పెట్టె కొనేస్తారు. బోల్తా పడేది ఇక్కడే. మళ్లీ బందరు కాలువ దగ్గరికే రండి. బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లన్నీ శివారు చేలకి అందుతాయా? పెట్టె మీద అంకె కూడా బ్యారేజీ దగ్గరి లెక్కే. చాలావరకు స్పాంజి లేకుండా, నీటిని పైకి ఎత్తే పని లేకుండా కొలిచిందే ఉంటుంది. స్పాంజి పెట్టి, గొట్టం పైకి లేపేసరికి మూడో వంతు పోతుంది, ఒక్కోసారి సగం. ఆపైన కాలువకి గుర్రపు డెక్క అడ్డం పడ్డట్టు స్పాంజికి చెత్త పట్టి ఇంకా తగ్గుతుంది. అందుకని 350 నుంచి 400 రాసినది తీసుకోండి.

[తెర మీద: లీటరు సీసా, ఫోన్‌లో స్టాప్‌వాచ్]

నమ్మకం లేకపోతే కొలవండి. ఫిల్టర్ నుంచి వచ్చే నీళ్లు లీటరు సీసాలోకి పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 3600ని ఆ సెకన్లతో భాగించండి. 15 సెకన్లు పడితే 240. అసలు అంకె అదీ.

గోల్డ్ ఫిష్ సంగతి వేరు. చెత్త బాగా చేస్తుంది, ఎనిమిది నుంచి పది సార్లు తిరగాలి. కానీ గుండ్రటి పొట్టవి వేగానికి తట్టుకోలేవు. కాబట్టి స్పాంజి పెద్దదిగా ఉన్న ఫిల్టర్ చూసి, నీటి ధారని అద్దం వైపు తిప్పండి. మోటర్ నీళ్లు మోసుకొచ్చే కూలీ మాత్రమే. చేపలు వదిలే అమ్మోనియా అనే విషాన్ని మార్చేది స్పాంజిలో కాపురం పెట్టిన బ్యాక్టీరియా. దుకాణంలో మోటర్ చప్పుడు విని మురిసిపోతారు గానీ స్పాంజి సైజు ఎవరూ అడగరు! ఫైటర్ చేపకైతే గాలి పంపుతో నడిచే చిన్న స్పాంజి ఫిల్టరే హాయి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. దూరపు మూలలో చెత్త పేరుకుని, నీటి మీద జిడ్డు పొర కడితే ప్రవాహం చాలట్లేదని అర్థం. మేత చేప నోటికి అందకుండా కొట్టుకుపోతుంటే ఎక్కువైందని. స్పాంజిని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బ్యాక్టీరియా చస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే బకెట్‌లో పిండండి. మన ఎండల్లో వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తక్కువ, అందుకని ధార నీటి పైభాగాన్ని కదిలించేలా పెట్టండి. కరెంటు పోయి గంటలు గడిస్తే, కనిస్టర్ (తొట్టె బయట పెట్టే డబ్బా ఫిల్టర్) ఆన్ చేసే ముందు లోపలి నీళ్లు పారబోయండి. ఆ కుళ్లు నీళ్లు తొట్టెలోకి వెళ్లకూడదు.