హైదరాబాద్‌లో కిరాయి ఇల్లు: తక్కువ ధర ముఖ్యమా, భద్రత ముఖ్యమా? నల్లగొండ, పాలమూరు నుంచి వచ్చేవారి కోసం

[తెర మీద: ఎల్బీనగర్ చౌరస్తా. నల్లగొండ బస్సు నుంచి సంచులతో జనం దిగుతుంటారు.]

నమస్కారం. నల్లగొండ నుంచి వచ్చేవాళ్లు హయత్‌నగర్, వనస్థలిపురం, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టూ, మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు శంషాబాద్, ఆరాంఘర్, అత్తాపూర్, కాచిగూడ చుట్టూ ఇల్లు వెతకడం ఎన్నో ఏళ్లుగా వస్తున్న అలవాటు. విజయవాడ రోడ్డు మీద వచ్చే బస్సు ఒక దిక్కున దించుతుంది, బెంగళూరు రోడ్డు మీద వచ్చే బస్సు ఇంకో దిక్కున దించుతుంది, పాలమూరు రైలు కాచిగూడకు చేరుతుంది. మన ఊరివాళ్లు, చుట్టాలు కూడా అక్కడే ఉంటారు కాబట్టి అర్ధరాత్రి ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఉన్నాడన్న ధైర్యం ఉంటుంది. ఆ ధైర్యానికి నేను చాలా విలువ ఇస్తాను. కానీ ఊరికి పోయేది నెలకు ఒకటి రెండుసార్లు, పండుగలకు. పనికో, కోచింగ్‌కో పోయేది రోజూ. ఊరి బస్సు ఎక్కడ ఆగుతుందో చూసి ఇల్లు తీసుకున్నవాళ్లు, ఉద్యోగం రాయదుర్గంలో దొరికితే రోజూ నగరాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి దాటవలసి వస్తుంది. చీకటి పడ్డాక ఆ దూరమే భద్రత సమస్యగా మారుతుంది.

అందువల్ల కిరాయిని ఒక లెక్కగా, భద్రతను ఇంకో లెక్కగా చూడకూడదని ఈ వీడియోలో చెప్పదలచుకున్నాను. రెండింటినీ ఒకే లెక్కలో వేయాలి, ఆ లెక్కను మీరు ఇంటికి చేరే వేళను బట్టి వేయాలి.

[తెర మీద: రెండు టు-లెట్ బోర్డులు పక్కపక్కన. కింద అంకెలు ఒక్కొక్కటిగా పడతాయి.]

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే, మీ అంకెలు మీరు వేసుకోండి. అమీర్‌పేటలో పనిచేసే ఒక అమ్మాయికి రెండు ఇళ్లు దొరికాయి. ఒకటి చైతన్యపురి మెట్రో స్టేషన్‌కు నడిచిపోయే దూరంలో, కిరాయి 10,000. రెండోది ఎల్బీనగర్ దాటి, మెయిన్ రోడ్డు నుంచి బాగా లోపలికి ఉన్న కొత్త వెంచర్‌లో, కిరాయి 6,500. నెలకు 3,500 మిగులుతుందని ఎవరైనా రెండో ఇంటినే తీసుకుందామనుకుంటారు. మెట్రో చార్జీలో తేడా కొద్దిగానే ఉంటుంది కాబట్టి దాన్ని పక్కన పెడదాం. లోపలి కాలనీ నుంచి ఎల్బీనగర్ స్టేషన్‌కు షేర్ ఆటోకు పోను 25, రాను 25 అనుకుంటే, 26 పనిరోజులకు 1,300 అవుతుంది. నెలలో ఎనిమిది రాత్రులు ఆలస్యమై, షేర్ ఆటోలు దొరకక 150 పెట్టి ఒంటరిగా ఆటోలో రావలసి వస్తే, అదనపు భారం ఇంకో 1,000. బోరు ఎండి ట్యాంకర్ తెప్పించుకుంటే ఆమె వాటా 500. ఇవన్నీ తీసేస్తే 3,500లో మిగిలేది 700. ఆ 700 కోసం ఆమె రోజూ గంటకు పైగా రోడ్డు మీద ఉంటుంది, ఎనిమిది రాత్రులు ముక్కూమొహం తెలియని మనిషి ఆటోలో, వీధి దీపాలు లేని మట్టిరోడ్డు మీద ఇంటికి వస్తుంది.

అదే ఇంట్లో, కాలనీ పక్కనే పనిచేసే మెకానిక్ కుటుంబం ఉంటే ఈ లెక్క పూర్తిగా మారుతుంది, వాళ్లకు ఆ 3,500 దాదాపు మొత్తం మిగులుతుంది. ఫలానా ఏరియా మంచిదా అన్న ప్రశ్నకు అందరికీ పనికివచ్చే జవాబు ఉండదు. ఎవరికి, ఏ వేళకు అన్నది చేర్చి అడిగితేనే ఆ ప్రశ్నకు అర్థం ఉంటుంది.

ఆడవాళ్ల విషయంలో ఇంకొక సంగతి కలపాలి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు టికెట్ ఖర్చు లేదు. బస్సులో నలుగురు మనుషులు ఉంటారు, కండక్టర్ ఉంటారు. కాబట్టి ఎక్కువ బస్సులు తిరిగే రోడ్డుకు దగ్గరగా ఉన్న ఇల్లు, కిరాయి వెయ్యి రూపాయలు ఎక్కువైనా, ఖర్చు పరంగానూ భద్రత పరంగానూ మేలు చేయవచ్చు. అయితే ఆ రూట్‌లో రాత్రి చివరి బస్సు ఎన్ని గంటలకో స్టాపు దగ్గరి పాన్ డబ్బా ఆయనను అడిగి తెలుసుకోవాలి. పగటిపూట పది నిమిషాలకొకటి వచ్చే బస్సు, రాత్రి తొమ్మిది దాటితే రాకపోవచ్చు.

[తెర మీద: సాయంత్రం దాటిన వేళ. మెయిన్ రోడ్డు నుంచి గల్లీలోకి కెమెరా నడుస్తుంది.]

ఇక ఇల్లు చూడడానికి పోయే వేళ గురించి చెప్పాలి. మనలో చాలామంది ఆదివారం పొద్దున పోయి ఇల్లు చూస్తారు. ఓనర్ ఇంట్లో ఉంటారు, ఎండలో గదులు కళకళలాడుతుంటాయి, గల్లీలో పిల్లలు ఆడుకుంటుంటారు. నచ్చితే అడ్వాన్స్ ఇచ్చే ముందు మళ్లీ ఒకసారి, మీరు పని ముగించుకొని నిజంగా ఏ వేళకు వస్తారో ఆ వేళకు, పనిరోజున, బస్సు దిగి నడుచుకుంటూ పోయి చూడండి. స్తంభాలకు దీపాలు ఉన్నాయా అని కాక, అవి వెలుగుతున్నాయా అని చూడాలి. ఇంటికి చేరేలోపు తెరిచి ఉన్న దుకాణాలు ఎన్ని? కిరాణా షాపు, మెడికల్ షాపు, ఇస్త్రీ బండి, టిఫిన్ బండి ఉంటే ఆ దారిలో మనుషుల చూపు ఉంటుంది. దారిలో వైన్ షాపు, దాని పక్కన పర్మిట్ రూమ్ ఉంటే పొద్దున షట్టర్ మూసి ఉండడం వల్ల మీకు కనిపించదు. రాత్రి బండ్లన్నీ రోడ్డుకు అడ్డంగా నిలిపి, జనం గుంపులుగా నిలబడి ఉంటారు, ఆ గుంపు మధ్య నుంచి మీ చెల్లెలు రోజూ నడవగలదా అన్నది మీరే తేల్చుకోవాలి. సగం కట్టి వదిలేసిన బిల్డింగులు, కంపచెట్లు పెరిగిన ఖాళీ ప్లాట్లు, కుక్కల గుంపులు కూడా రాత్రే లెక్కలోకి వస్తాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఆ బస్తీ మంచిది కాదు" అని బ్రోకర్లు, చుట్టాలు తేలికగా అనేస్తుంటారు. అలా అన్నవారిని ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది అని అడగండి. చాలాసార్లు జవాబు ఉండదు, అక్కడ ఉండేవాళ్ల కులమో, మతమో, పేదరికమో తప్ప ఆ మాటకు వేరే ఆధారం కనబడదు. నా అభిప్రాయంలో, రాత్రి పదకొండు దాకా అరుగుల మీద జనం కూర్చొని ఉండే ఏదైనా ఏళ్లనాటి బస్తీలోని ఇరుకు పోర్షన్, గేటు తప్ప చుట్టూ మనుషులే లేని కొత్త కాలనీలోని విశాలమైన ఫ్లాటు కంటే ఒంటరి మనిషికి ఎక్కువ భద్రం.

అంకెల కోసం వెతికేవాళ్లకూ ఒక హెచ్చరిక. జాతీయ నేర రికార్డుల సంస్థ నివేదికలో హైదరాబాద్ వంటి మహానగరాలకు విడిగా లెక్కలు ఉంటాయి కానీ, అవి నగరం మొత్తానికి సంబంధించినవి, మీ గల్లీ సంగతి అందులో దొరకదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశించినప్పటి నుంచి ఎఫ్‌ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్‌లో ఉంచవలసి ఉంది, అయితే లైంగిక నేరాల వంటి సున్నితమైన కేసులకు ఆ ఆదేశమే మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ఆడవాళ్ల భద్రత గురించి ఆ జాబితా చూసి నిర్ణయానికి రాకండి. పక్క ఇంట్లో ఉండే ఆడవాళ్లను, దగ్గరి హాస్టల్లో ఉండే అమ్మాయిలను అడిగితే నిజమైన సమాచారం దొరుకుతుంది.

[తెర మీద: గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. కెమెరా గోడ కింది భాగం మీద ఆగుతుంది.]

భద్రత అంటే దొంగలు, ఆకతాయిలు మాత్రమే అనుకుంటే పొరపాటు. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. చెరువు కింద, నాలా పక్కన ఉన్న గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు చుట్టుపక్కల ఇళ్ల కంటే బాగా తక్కువ కిరాయికి వస్తోందంటే దానికి కారణం అడగాలి. ఓనర్ చెప్పకపోయినా ఇల్లే చెబుతుంది. గోడకు మోకాలి ఎత్తు వరకే కొత్త రంగు వేసి ఉండడం, గడప ముందు అడుగు ఎత్తు సిమెంటు కట్ట కట్టి ఉండడం, కరెంటు మీటరును, ప్లగ్గులను గోడ మీద పైకి జరిపి ఉండడం నీళ్లు వచ్చిపోయిన గుర్తులు. ఎదురింటివాళ్లను "వానకాలం బండ్లు ఎక్కడ పెడతారు?" అని అడిగి చూడండి.

నిప్పు ప్రమాదం గురించి హాస్టళ్లలో చేరే పిల్లలకు తప్పక చెప్పాలి. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో, కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకొని, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లలో కనీసం తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, కింద అంటుకున్న మంటలు పైకి వచ్చాయి, అంతే. పోటీ పరీక్షల కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లిలకు, కోచింగ్‌ల కోసం దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చే మన జిల్లాల పిల్లలు, ఒక్క గదిని చెక్క పలకలతో మూడు చేసిన చోట్ల తక్కువ ఫీజుకు ఉంటున్నారు. చేరే ముందు ఆ బిల్డింగ్ కింద గోదాం ఉందా, మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయి, రాత్రి టెర్రస్ తలుపుకు తాళం వేస్తారా, కిటికీ గ్రిల్ లోపలి నుంచి తెరుచుకుంటుందా అని తల్లిదండ్రులు అడగాలి. అలా అడిగితే వార్డెన్ చిరాకుపడితే ఇంకో హాస్టల్ చూసుకోవడమే మంచిది.

పాలమూరు నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చే కూలీలకు ఈ ఎంపికే ఉండదు. కట్టే బిల్డింగ్ పక్కన రేకుల షెడ్డే వాళ్ల ఇల్లు. పనిచేసేవారికి ఉచితంగా తాత్కాలిక వసతి, వంటకు చోటు, స్నానపు గదులు, మరుగుదొడ్లు ఇవ్వాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టమే చెప్పింది. మేస్త్రీతో కూలి మాట్లాడుకునేటప్పుడే ఆడవాళ్లకు తలుపు, గొళ్లెం ఉన్న బాత్‌రూమ్ ఉందా అని అడగడం దయ కోరడం కాదు, హక్కుగా రావలసిన దాన్ని అడగడమే.

[తెర మీద: స్టాంపు పేపరు, పెన్ను.]

చివరగా కాగితాలు. ఇల్లు చూడకుండా, ఫోన్‌లో ఫొటోలు చూసి "బుకింగ్" పేరిట ఎవరికీ డబ్బు పంపకండి. కరెంటు బిల్లు మీద, ఇంటి పన్ను రసీదు మీద ఎవరి పేరుందో చూసి, అడ్వాన్స్‌ను ఆన్‌లైన్‌లో ఆ మనిషి ఖాతాకే పంపండి. ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉన్నారో ఇంట్లో అందరికీ తెలియాలి, అత్యవసరమైతే 112, ఆడవాళ్ల కోసం 181 నంబర్లు ఫోన్‌లో ఉండాలి. మామూలుగా రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటులో, ముందుగా ఖాళీ చేస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వబోమన్న షరతు ఉంటే తీసేయించి, ఒక నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చని రాయించుకోండి. ఎంత జాగ్రత్తగా చూసినా కొన్ని విషయాలు ఆ ఇంట్లో ఉండడం మొదలుపెట్టాకే తెలుస్తాయి. రాత్రి తలుపు కొట్టే మనిషి, కింద ఫ్లాటులో కొత్తగా మొదలైన సిలిండర్ల వ్యాపారం వంటివి అగ్రిమెంటు రోజున కనిపించవు. చేతిలో ఉన్న డబ్బంతా అడ్వాన్స్‌కు, బ్రోకర్ కమిషన్‌కు పోసేసిన కుటుంబం, భయం ఉన్నా ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. కాబట్టి ఇంటికి పెట్టే బడ్జెట్‌లోంచి, ఇంకో ఇంటికి మారడానికి అయ్యే ఖర్చును ముందే తీసి, ఊళ్లో అమ్మ ఖాతాలోనైనా సరే, విడిగా వేసి ఉంచండి.