పాత ఎన్లార్జర్ కొనేముందు: ఒక టార్చి, ఒక రసమట్టం, నల్లటి ఫిల్మ్ ముక్క

నమస్కారం. పాత ఎన్లార్జర్, అంటే నెగెటివ్‌లోని బొమ్మను పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రం, ఒకటి అమ్మకానికి ఉందని తెలియగానే చాలామంది అడిగే మొదటి ప్రశ్న, అది ఏ కంపెనీది అని. నేను మొదట అడిగేది, దాని నెగెటివ్ క్యారియర్ ఉందా అని. క్యారియర్ అంటే ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ రెండు రేకుల పలక. వీటి మధ్య నెగెటివ్ పెట్టి యంత్రంలోకి తోస్తాం. చూడటానికి ఏమంత విలువైన వస్తువు కాదు. కానీ ఒక కంపెనీ క్యారియర్ ఇంకో కంపెనీ యంత్రంలో సాధారణంగా పట్టదు. ఒకే కంపెనీ మోడళ్ళ మధ్య కూడా చాలాసార్లు పట్టదు. పది కిలోల ఇనుము ఉచితంగా ఇస్తామంటారు, ఈ రేకు మాత్రం ఎక్కడో పోయిందంటారు. ఏనుగు ఊరికే వచ్చింది, అంకుశమే ఎక్కడా దొరకడం లేదు అన్నమాట. లెన్స్‌ను పట్టుకునే లెన్స్ బోర్డు సంగతీ ఇంతే. ఈ రెండూ లేవంటే, అవి విడిగా దొరుకుతాయని తేలేదాకా డబ్బు తీయకండి.

ఇంట్లో నలుపు తెలుపు ప్రింట్లు వేసుకోవడానికి తక్కువ ధరలో పాత ఎన్లార్జర్ ఎంచుకోవడం ఎలాగో ఈ వీడియోలో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎన్లార్జర్ చేయవలసిన పని ఒక్కటే: నెగెటివ్‌ను, లెన్స్‌ను, కాగితాన్ని మూడింటినీ ఒకదానికొకటి సమాంతరంగా, కదలకుండా పట్టుకోవడం. ఆ పని సరిగ్గా చేసే యంత్రం రంగు వెలిసిపోయినా, పేరు చెరిగిపోయినా మంచిదే. మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టండి.

ముందు మీరు ఏ ఫిల్మ్ వాడుతున్నారో చూసుకోండి. ఇప్పుడు వాడేది 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ ఒక్కటే అయినా, 6×6 లేదా 6×7 సెంటీమీటర్ల నెగెటివ్ పట్టే యంత్రం దొరికితే అదే తీసుకోండి. పరిమాణంలో పెద్ద తేడా ఉండదు, రేపు మీడియం ఫార్మాట్ కెమెరా చేతికి వస్తే మళ్ళీ వెతుక్కోనక్కరలేదు. 4×5 అంగుళాల యంత్రం మాత్రం, ఎంత చవకగా వచ్చినా, ఆ ఫిల్మ్ వాడేవాళ్ళకే. దాన్ని మోయడానికి ఇద్దరు కావాలి, ఎత్తు చూస్తే గది కప్పుకు తగిలేలా ఉంటుంది. ఇంటికి తెచ్చాక అది ఒక మూలకు అంకితమైపోతుంది.

ఇక పేర్లు. ఇటలీలోని బ్రిక్సెన్‌లో 1936లో మొదలైన డర్స్ట్ వాళ్ళ ఎం605, ఎం670 ఇంటి డార్క్‌రూమ్‌కు, అంటే ప్రింట్లు వేసుకునే చీకటి గదికి, చక్కగా సరిపోతాయి. చెక్ దేశపు మియోప్టా వాళ్ళ ఓపెమస్ తేలికైనది, మరమ్మతుకు సులువైనది. అమెరికా యంత్రాల్లో బెసెలర్ 23సి దృఢంగా ఉంటుంది, బరువూ అలాగే ఉంటుంది. సోవియట్ కాలపు యూపీఏ అయితే చిన్న పెట్టెలో ముడుచుకుంటుంది, ఆ పెట్టే పనిచేసేటప్పుడు పీఠమవుతుంది. ముచ్చటైన వస్తువే, కానీ పెద్ద ప్రింట్లకు దాని కాలమ్, అంటే యంత్రం పైభాగం జారే నిలువు స్తంభం, చాలదు. జర్మనీ కంపెనీ లైట్స్ (Leitz) వాళ్ళ ఫోకోమాట్‌కు గొప్ప పేరుంది. తలను, అంటే బల్బూ లెన్సూ ఉండే ఆ పైభాగాన్ని, పైకీ కిందికీ జరిపినప్పుడు ఫోకస్ దానంతట అదే సర్దుకుంటుంది. అయితే ఆ ఏర్పాటు దానికి కుదిర్చిన లెన్స్‌తోనే సరిగ్గా నడుస్తుంది. లెన్స్ మారిపోయిన ఫోకోమాట్‌కు పేరు చూసి ఎక్కువ ధర పెట్టడం దండగ.

అమెరికాలో తయారైన యంత్రం 120 వోల్టులకు చేసినదైతే, మీ ఇంటి కరెంటు 230 వోల్టులైతే, మధ్యలో తగిన ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. లోపలి రేటింగ్ పట్టీ చదవకుండా ప్లగ్గు పెట్టకండి. తీగ పైతొడుగు వంచితే పొడిపొడిగా రాలుతుంటే, తీగ మార్పించేదాకా అసలే పెట్టకండి.

ఇప్పుడు తలలోకి చూద్దాం. పైన బల్బు, దాని కింద రెండు లావు గాజు కటకాలు ఉంటే అది కండెన్సర్ తల. వెలుగు పాల రంగు పలక గుండా లేదా తెల్లటి పెట్టెలో కలిసిపోయి వస్తే అది డిఫ్యూజర్ తల. వెండి నలుపు తెలుపు నెగెటివ్‌ను కండెన్సర్‌తో ప్రింట్ చేస్తే కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, సుమారు ఒక గ్రేడు ఎక్కువ వస్తుంది. కాంట్రాస్ట్‌ను కొలిచే మెట్టే గ్రేడు. నెగెటివ్‌లోని వెండి రేణువులు తిన్నగా వచ్చే వెలుగును చెదరగొట్టడమే దీనికి కారణం. దీన్ని క్యాలియర్ ఎఫెక్ట్ అంటారు. దుమ్ము, గీతలు కూడా కండెన్సర్ కింద స్పష్టంగా కనిపిస్తాయి. ఏది మేలు అని వాదించుకోవడం కన్నా, ఏ తల దొరికితే దానికి తగినట్టు ఫిల్మ్ డెవలప్ చేసే సమయం సర్దుకోవడం సులువు. కండెన్సర్ తల అయితే ఒక్క విషయం అడగండి. కొన్ని యంత్రాల్లో నెగెటివ్ సైజు మారితే కండెన్సర్ కూడా మార్చాలి, కొన్నింటిలో జరపాలి. మీ సైజుకు తగిన కటకం లేకపోతే ప్రింటు మధ్యలో వెలుగు మచ్చ పడుతుంది, లేదా మూలలు చీకటిగా వస్తాయి.

కలర్ హెడ్, అంటే రంగు ఫిల్టర్లు లోపలే ఉన్న తల, అనగానే అది కలర్ ప్రింట్లకే అనుకుని వదిలేసేవాళ్ళు ఉన్నారు. వదలకండి. ఇప్పుడు దొరికే నలుపు తెలుపు కాగితాల్లో ఎక్కువ భాగం మల్టీగ్రేడ్, అంటే ఒకే కాగితం మీద కాంట్రాస్ట్ మార్చుకోవచ్చు. దాని మీద పసుపు వెలుగు పడితే కాంట్రాస్ట్ తగ్గుతుంది, మెజెంటా పడితే పెరుగుతుంది. కలర్ హెడ్‌లో ఆ రెండు చక్రాలూ ఉన్నాయి, తిప్పుకోవడమే. 00 నుంచి 5 దాకా ఉండే విడి ఫిల్టర్ల కట్ట కొనక్కరలేదు. అయితే ఇందులో తరచుగా ఉండేది 12 వోల్టుల హాలోజెన్ దీపం. దానికి ప్రత్యేకమైన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె, ప్రత్యేకమైన ప్లగ్గు ఉంటాయి. ఆ పెట్టె కూడా ఇస్తున్నారా అని బేరానికి ముందే తేల్చుకోండి.

మామూలు బల్బు వాడే తల అయితే ఎన్లార్జర్ కోసం చేసిన పాలగాజు బల్బులు వేరే ఉంటాయి, 75 వాట్లవి, 150 వాట్లవి. ఇంట్లో వాడే బల్బు పెడితే దాని నెత్తిన ఉన్న అచ్చు అక్షరాల నీడ కాగితం మీద పడవచ్చు. ఎల్ఈడీ బల్బు పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టవచ్చు, రెండు సంగతులు చూసుకుని. ఒకటి, స్విచ్చి ఆపాక కొన్ని బల్బులు మసకగా వెలుగుతూనే ఉంటాయి. చీకట్లో ఆర్పి చూడండి. రెండు, మల్టీగ్రేడ్ కాగితం నీలి, ఆకుపచ్చ వెలుగుల మీద ఆధారపడుతుంది. ఎల్ఈడీలో ఆ పాళ్ళు వేరుగా ఉంటాయి కాబట్టి ఫిల్టర్ మీద రాసిన గ్రేడూ, ప్రింటులో వచ్చే గ్రేడూ ఒకటి కాకపోవచ్చు.

సరే, లెన్స్. 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌కు 50 మిల్లీమీటర్ల లెన్స్, 6×6కు 75 లేదా 80, 6×7కు 90, 6×9కు 105. ఇవి ఎందుకు ఇలా ఉన్నాయో ఒక్క లెక్కతో తెలుస్తుంది. 35 నెగెటివ్ పొట్టి వైపు 24 మిల్లీమీటర్లు. 8×10 అంగుళాల కాగితం నిండాలంటే అది 203 మిల్లీమీటర్లు కావాలి, అంటే ఎనిమిదిన్నర రెట్లు. 50 లెన్స్‌తో దానికి నెగెటివ్ నుంచి కాగితం దాకా సుమారు 53 సెంటీమీటర్ల దూరం చాలు. అదే పని 80 లెన్స్‌తో చేస్తే 85 సెంటీమీటర్లు కావాలి. చిన్న యంత్రానికి అంత పొడవు కాలమ్ ఉండదు. తిరగేసి 6×6 నెగెటివ్‌కు 50 పెడితే మూలలు చీకటైపోతాయి.

నాణ్యతకు వస్తే, ఎల్-నిక్కోర్ 50 ఎఫ్2.8, ష్నైడర్ కాంపోనాన్-ఎస్, రోడెన్‌స్టాక్ రోడగాన్, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఇంక ఆలోచించకండి. మూడింటిలోనూ ఆరేసి కటకాలు ఉంటాయి. అదే ష్నైడర్ వాళ్ళ కాంపోనార్, రోడెన్‌స్టాక్ వాళ్ళ రోగోనార్ మూడు కటకాల లెన్స్‌లు. పేర్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్షరం అక్షరం చదువుకోండి. చవక లెన్స్ పనికిరాదని కాదు. ఎపర్చరును, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్8 దాకా మూసి చిన్న ప్రింట్లు వేస్తే బాగానే ఉంటుంది. యంత్రంతో పాటు వచ్చినదానితో మొదలుపెట్టి, తర్వాత మంచిది కొనుక్కోవచ్చు. చాలా ఎన్లార్జర్ లెన్స్‌లకు ఒకే 39 మిల్లీమీటర్ల మర ఉంటుంది కాబట్టి మార్చుకోవడం సులువు.

లెన్స్‌ను ఇలా చూడాలి. ఎపర్చరు పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి, ఏటవాలుగా చూడండి. కొద్దిపాటి దుమ్ము కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. సాలెగూడులా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తే బూజు. గాజు అంతా పలచని పొగ పట్టినట్టు ఉంటే ప్రింట్లలో నలుపు నలుపుగా రాదు. ఈ రెండూ ఉంటే వదిలేయండి. ముందు గాజు మీద సన్నటి గీత ఒకటి ఉంటే భయపడనక్కరలేదు, దాన్ని చూపించి ధర తగ్గించమనండి.

ఇప్పుడు అసలు పరీక్ష. డెవలప్ చేసిన ఫిల్మ్ మొదట్లో పూర్తిగా నల్లగా ఉండే ముక్క ఒకటి తీసుకోండి. సూదితో మధ్యలో ఒక అడ్డగీత నిలువుగీత, నాలుగు మూలల్లో నాలుగు, ఇలా గీయండి. ఇదిగో, క్యారియర్‌లో పెట్టాను. తలను బాగా పైకి లేపి, లెన్స్ పూర్తిగా తెరిచి, మధ్య గీత మీద ఫోకస్ చేస్తున్నాను. కెమెరాను బోర్డు దగ్గరికి తెస్తున్నాను, చూడండి. మధ్య గీత అంచులు పదునుగా ఉన్నాయి. ఎడమ పక్క రెండూ పదునుగానే ఉన్నాయి. కుడి పక్క రెండూ మెత్తబడ్డాయి. ఇప్పుడు ఫోకస్ మర కొంచెమే తిప్పుతున్నాను. కుడివి పదును తేరాయి, ఎడమవి మసకబారాయి. అంటే లెన్స్‌లో దోషం లేదు, ఏదో పలక ఒరిగి ఉంది. రసమట్టం తీసుకుని మొదట పీఠం మీద, తర్వాత క్యారియర్ మీద, చివరికి లెన్స్ బోర్డు మీద పెట్టి చూడాలి. పీఠం నేలకు సమంగా ఉండనక్కరలేదు, మూడు చోట్లా బుడగ ఒకేచోట నిలవాలి, అంతే. తేడా ఉన్నచోట సర్దే మరలు ఉంటే తిప్పుతాం, లేకపోతే పలచని రేకు ముక్క దూర్చి సరిచేస్తాం. మరి ఎంత తిప్పినా ఒక మూల ఎప్పటికీ పదును తేరకపోతే? అది లెన్స్ తప్పు. నాలుగు మూలలూ సమానంగా మెత్తగా ఉండి, ఎపర్చరును ఎఫ్8కి మూయగానే బాగుపడితే చింతించనక్కరలేదు. ప్రింటు వేసేది ఎలాగూ అక్కడే.

దీపాన్ని ఆర్పకుండా ఇంకో రెండు చూడండి. తల పక్కన వేలితో కొట్టి గీతలను గమనించండి. వణికి వెంటనే ఆగాలి. ఊగుతూనే ఉంటే కాలమ్ మొదట్లో బోల్టు వదులై ఉండవచ్చు. బిగించినా తగ్గకపోతే కాలమ్ పైకొసను గోడకు కట్టుకోవచ్చు. రెండోది, తల ఉన్న చోట కాలమ్ మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. మిగతావి చూస్తూ ఉండి మళ్ళీ వచ్చి చూడండి. గీత దాటి తల కిందికి జారితే బిగింపు అరిగినట్టు. ఆ యంత్రంతో పొడుగు ఎక్స్‌పోజర్ ఇవ్వలేరు, అంటే కాగితానికి ఎక్కువసేపు వెలుగు చూపలేరు.

గదిలో దీపాలన్నీ ఆర్పించి బెలోస్, అంటే లెన్స్ పైన ఉండే ముడతల తొడుగు, ముడతలు చూడండి. నక్షత్రాల్లా వెలుగు చుక్కలు కనిపిస్తే చిల్లులు. ఒకటో రెండో అయితే నల్లటి గుడ్డ టేపు చాలు. తోలంతా పెళుసుబారి ఉంటే కొత్తది చేయించాలి, ఆ ఖర్చు బేరంలో కలుపుకోండి.

అమ్మేవాళ్ళు డార్క్‌రూమ్ మొత్తం ఖాళీ చేస్తున్నారేమో అడగండి. ఈజిల్ (కాగితాన్ని చదునుగా పట్టే చట్రం), టైమర్, ట్రేలు, సేఫ్‌లైట్ (కాగితాన్ని పాడుచేయని దీపం), గ్రెయిన్ మాగ్నిఫయర్ (ఫోకస్ చూసుకునే భూతద్దం), ఇవి విడివిడిగా కొంటే కొన్నిసార్లు ఎన్లార్జర్ కన్నా ఎక్కువ అవుతాయి. మొత్తం కలిపి అడిగితే చాలామంది సంతోషంగా ఇచ్చేస్తారు. ఆ పెట్టెల్లో పాత కాగితం ఉంటే తెచ్చుకోండి గానీ దానికి ధర కట్టకండి. వాటిలో దొరికే జిలాటిన్ ఫిల్టర్లు వెలిసిపోయి ఉండే అవకాశం ఉంది, గ్రేడు అంకెలను నమ్మకండి.

తీసుకెళ్ళేటప్పుడు ముందు లెన్స్ విప్పి జేబులో వేసుకోండి. బల్బు, కండెన్సర్ విడిగా గుడ్డలో చుట్టండి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చాలా యంత్రాల్లో తల బరువును మోసే బలమైన స్ప్రింగు కాలమ్‌లో ఉంటుంది. తల విప్పాలంటే దాన్ని కాలమ్ పైకొస దాకా లేపి, బిగించి, అప్పుడు విప్పండి. కింద ఉండగా విప్పితే కాలమ్ మీద తలను మోసే బండి ఖాళీ అయి ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, వేళ్ళు నలుగుతాయి. కారులో పట్టేటట్టుంటే తలను విప్పకుండా, బాగా కిందికి దించి, తాడుతో కాలమ్‌కు కట్టేసి, పీఠంతో సహా పడుకోబెట్టి తీసుకెళ్ళండి.