ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) ఆపితే ఏం వినపడుతుంది? 'నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్' సౌండ్ రివ్యూ

నమస్తే అండి. ఈ వీడియోకి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఎందుకో మధ్యలో చెప్తాను.

2007లో వచ్చిన కోయెన్ బ్రదర్స్ సినిమా ఇది. నిడివి 122 నిమిషాలు. కార్టర్ బర్‌వెల్ ఇచ్చిన సంగీతం మొత్తం కలిపితే దాదాపు 16 నిమిషాలే, అందులోనూ కొంత ఎండ్ టైటిల్స్ మీదే పోతుంది. కథ, నటన గురించి ఇప్పటికే చాలామంది చెప్పారు కాబట్టి మనం చెవులతో చూద్దాం.

ముందు హోటల్ గది సీన్. దొరికిన డబ్బుతో పారిపోతున్న మాస్‌కి ఆ కట్టల్లో ట్రాన్స్‌మిటర్, అంటే అతనెక్కడున్నాడో వెంటాడేవాడికి చెప్పే పరికరం, దొరుకుతుంది. కింద రిసెప్షన్‌కి ఫోన్ చేస్తాడు. రింగవుతోంది, ఎవరూ ఎత్తరు. అదే రింగు కింది అంతస్తు నుంచి కూడా సన్నగా వినపడుతుంది. తర్వాత అడుగుల చప్పుడు. తలుపు కింద వెలుగులో నీడ పడుతుంది, వెళ్లిపోతుంది. ఆ తర్వాత వరండాలో లైటు పోతుంది.

ఇక్కడ వయొలిన్లు మోగి ఉంటే 'ప్రమాదం' అని చెప్పేవి. కానీ ఆ ప్రమాదం ఎంత దూరంలో ఉంది, ఎటు నుంచి వస్తోంది అన్నది చెప్పలేవు. అది అడుగుల చప్పుడే చెప్పాలి. పైగా స్ట్రింగ్స్ వచ్చాయంటే చిన్న శబ్దాలన్నీ వాటి కిందే నలిగిపోతాయి. అందుకే ఒక పరీక్ష: సీన్‌లో పాత్ర చెవులు రిక్కించి వింటున్నాడా? అయితే మ్యూజిక్ తీసేయండి. అతను వింటున్నదే మనమూ వినాలి.

ఇప్పుడు గ్యాస్ స్టేషన్, నాణెం ఎగరేసే సీన్. మాస్‌ని వెంటాడే హంతకుడు షిగూర్ నలిపి కౌంటర్ మీద పెట్టిన కవర్ మెల్లగా విచ్చుకుంటుంటే ఆ చిటపట కూడా వినపడుతుంది. సంగీతమే లేదనుకుంటాం. ఉంది! ఫ్రిజ్ హమ్‌కి, అంటే దాని గుయ్‌మనే మోతకి, సరిపోయేలా 60 హెర్ట్జ్‌కి (సెకనుకు 60 కంపనాలు) శ్రుతి చేసిన ఒక స్వరం మెల్లగా పెరుగుతూ ఉంటుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఆ అంకె. ఫోన్ స్పీకర్ అంత కింది స్వరాన్ని పలకలేదు, హెడ్‌ఫోన్స్ అడిగింది అందుకే. ఇదే మన దగ్గర చేయాలంటే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, 50 హెర్ట్జ్‌కి, లేదా రెట్టింపు 100కి పెట్టుకోవాలి. కీబోర్డ్‌లో కింది 'జి' 49 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాన్ని సుమారు 35 సెంట్లు (పక్కపక్క స్వరాల మధ్య దూరంలో వందో వంతు ఒక సెంటు) పైకి జరపాలి. ఇది వదిలేస్తే ఫ్రిజ్ హమ్, మన స్వరం రెండూ కొట్టుకుని 'వూం వూం' అని ఊగుతాయి, దాచిన స్వరం దొంగలా దొరికిపోతుంది.

ఇక అసలు సమస్య. మన సినిమాల్లో మాటలు ఎక్కువగా డబ్బింగ్ థియేటర్‌లో మళ్లీ చెప్పిస్తాం. దాంతో లొకేషన్ గాలి, ఫ్యాను, వీధి శబ్దం అన్నీ పోతాయి. ఫోలీకి (అడుగులు, తలుపుల్లాంటి చప్పుళ్లు స్టూడియోలో మళ్లీ చేయడం), యాంబియెన్స్‌కి (చుట్టుపక్కల శబ్దాలు) టైమ్ ఉండదు. ఆ ట్రాక్‌లో మ్యూజిక్ ఆపితే నిశ్శబ్దం రాదు, గొయ్యి వస్తుంది. ఆ గొయ్యి పూడ్చడానికే ఆర్ఆర్ పోసేస్తారు. తప్పు సంగీత దర్శకుడిది కాదండి, సీన్ ఆయన దగ్గరికి ఖాళీగా వచ్చింది.

కాబట్టి ఈ నిర్ణయం ఎడిట్ దశలోనే జరగాలి. షూటింగ్‌లో ప్రతి లొకేషన్‌లో యూనిట్ అంతా కదలకుండా నిలబడి, ఒక నిమిషం రూమ్ టోన్, అంటే ఆ చోటి నిశ్శబ్దంలో వినపడే సన్నని శబ్దం, రికార్డ్ చేయండి. మిక్స్‌లో మ్యూజిక్‌ని సీన్ మొదలయ్యే కట్ దగ్గర ఆపొద్దు. 20, 30 సెకన్ల ముందే, ఒక తలుపు చప్పుడు కిందో లారీ హారన్ కిందో దాచి ఆపేయండి. ఆ తర్వాత యాంబియెన్స్‌ని ఒక్కో పొర తీస్తూ రండి: ముందు ట్రాఫిక్, తర్వాత పురుగులు, చివర్లో ఫ్యాను. రూమ్ టోన్ మాత్రం ఉంచండి. పూర్తిగా సున్నా చేస్తే ప్రేక్షకుడు స్పీకర్ పోయిందనుకుని పక్కవాడి వైపు చూస్తాడు.

కాలం గడిచిపోయే మాంటేజ్‌కి (చిన్న చిన్న షాట్లు వరసగా కలిపిన భాగం) ఇది పనికిరాదు, అక్కడ ముక్కల్ని కుట్టడానికి సంగీతం కావాలి.

సినిమా మళ్లీ పెట్టుకుని, గ్యాస్ స్టేషన్ సీన్‌లో ఆ హమ్ మీకు మొదటిసారి ఏ డైలాగ్ దగ్గర తెలిసిందో కామెంట్‌లో రాయండి.