సర్వర్ పెంచే రోజును ముందే లెక్కగట్టడం ఎలా?

[స్క్రీన్ మీద: పేమెంట్ పేజీ. మధ్యలో చక్రం తిరుగుతూనే ఉంది.]

ఈ చక్రం 8 సెకన్లుగా తిరుగుతోంది. కార్డు నంబరు కొట్టిన మనిషికి డబ్బు కట్ అయిందో లేదో తెలియదు. టెన్షన్ పడి వెనక్కి వెళ్లి మళ్లీ కట్టాడు. ఇప్పుడు ఒకే వస్తువుకి రెండు పేమెంట్లు, ఒక రిఫండ్, ఒక కంప్లయింట్.

వెంటనే ఆఫీసులో వినిపించే మాట, "పెద్ద సర్వర్ తీసుకుందాం." ఆగండి. ముందు ఆ 8 సెకన్లు ఎక్కడ పోతున్నాయో చూడండి.

[స్క్రీన్ మీద: డేటాబేస్ లాగ్. ఒక లైను ఎర్రగా.]

ఇక్కడ దొరికింది. ఒక్క కస్టమర్ పాత ఆర్డర్ల కోసం డేటాబేస్ 20 లక్షల వరుసలూ మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. ఇండెక్స్ లేదు, అంటే పుస్తకం చివర ఉండే సూచికలా ఏ వరుస ఎక్కడుందో చెప్పే జాబితా లేదు. టేబుల్‌లో వెయ్యి వరుసలున్న రోజుల్లో ఇది ఎవరి కంటా పడలేదు. కస్టమర్ నంబరు మీద ఇండెక్స్ పెడితే అదే వెతుకులాట మిల్లీసెకన్లలో అయిపోతుంది. పెద్ద సర్వర్ కొంటే మాత్రం ఈ లోపం కొన్నాళ్లు కనపడకుండా పోయి, మళ్లీ బయటపడుతుంది.

ఇలాంటివన్నీ సరిచేశాక కూడా రద్దీ వేళ నెమ్మదిస్తోందంటే, అప్పుడు విస్తరణ గురించి మాట్లాడుకోవాలి.

[స్క్రీన్ మీద: గ్రాఫ్. గీత చివర్లో నిట్టనిలువుగా లేస్తుంది.]

చాలామంది పొరపడేది ఇక్కడే. సర్వర్ 90 శాతం బిజీగా ఉంటే ఇంకా 10 శాతం మిగిలి ఉందనుకుంటారు. క్యూల గణితంలో అన్నిటికన్నా సులువైన లెక్క చూడండి. ఒక పనికి అసలు పట్టేది 0.1 సెకను అనుకుందాం. సర్వర్ సగం బిజీగా ఉంటే, వేచి ఉండటంతో కలిపి 0.2 సెకన్లు. 80 శాతం దగ్గర 0.5. 90 దగ్గర 1 సెకను. 95 దగ్గర 2. అందుకే 80ని గీతగా పెట్టుకోమంటాను. అదీ రోజంతటి సగటు చూసి కాదు, బాగా రద్దీగా ఉండే గంటను చూసి.

మరి నిర్ణయం 80 దగ్గర తీసుకోవాలా? అప్పటికే ఆలస్యమైపోతుంది. క్లౌడ్‌లో సర్వర్ నిమిషాల్లో వస్తుంది గానీ, డేటాబేస్ మార్చడం, టెస్ట్ చేయడం, పేమెంట్లు సరిచూసుకోవడం నెలల పని. ఆ పనికి 3 నెలలు పడుతుందనీ, రద్దీ నెలకు 10 శాతం పెరుగుతోందనీ అనుకోండి. 60, 66, 72.6, దాదాపు 80. అంటే 60 దగ్గరే మొదలుపెట్టాలి.

తొందరపడితే ఏమవుతుందో వెబ్‌వాన్‌ని చూడండి. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మిన ఈ అమెరికా కంపెనీ, ఆర్డర్లు ఇంకా నిలదొక్కుకోకముందే, 1999లో గోదాముల కోసం 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2001 జులైలో మూతపడింది.

[స్క్రీన్ మీద: రెండు కిటికీలు పక్కపక్కన. ఒకదానిలో ఆర్డర్, రెండోదానిలో అకౌంట్స్.]

చివరగా, ఏ గ్రాఫ్‌లోనూ కనపడని రద్దీ ఒకటుంది. సైట్‌లో వచ్చిన ఆర్డర్‌ను ఒక ఉద్యోగి చూసి, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ టైప్ చేస్తుంటారు. సర్వర్ 30 శాతం దగ్గర తీరిగ్గానే ఉంటుంది, ఆ మనిషి మాత్రం రాత్రి దాకా కూర్చుంటారు. అలాంటి కంపెనీకి ముందుగా కావాల్సింది ఈ రెండు కిటికీలనూ కలిపే పని. సర్వర్ సంగతి తర్వాత.