"షుగర్ రైస్" అంటున్న ఆ సాంబ మసూరి వండి చూశాను... పనిలో పనిగా ఒక రక్తపరీక్ష రివ్యూ కూడా

నమస్తే అండీ. టేబుల్ మీద రెండు గిన్నెలు కనిపిస్తున్నాయి కదా, రెండింట్లోనూ అన్నమే, రెండూ సాంబ మసూరే, ఇప్పుడే కుక్కర్లు దించాం. ఎడమ వైపుది బాపట్ల దగ్గర మా బావ పొలంలో పండిన మామూలు బీపీటీ. కుడి వైపుది ఇంప్రూవ్డ్ సాంబ మసూరి, షాపులో "షుగర్ రైస్" అని స్టిక్కర్ వేసి కిలోకి 30 రూపాయలు ఎక్కువ తీసుకున్నారు. ఆ 30 రూపాయలు దేనికో తేలుద్దామని మొదలుపెట్టిన వీడియో ఇది. తవ్వుకుంటూ పోతే జన్యువుల దాకా వెళ్లింది, అక్కడి నుంచి మా ఇంట్లో పెళ్లి మాటల దాకా వచ్చింది. కాస్త ఓపిక పట్టండి.

ముందు తినేద్దాం, చల్లారిపోతుంది. గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు, రెండింటికీ ఒకే లెక్క. పప్పుచారుతో తిన్నాను, గోంగూరతో తిన్నాను, కళ్లు మూసుకుని కూడా తిన్నాను. తేడా? నిజం చెప్పాలంటే, లేదండీ. అదే సన్న గింజ, అదే మెత్తదనం. బావ బియ్యం కొత్తవి కాబట్టి కొంచెం ముద్దగా వచ్చాయి, అది రకం తప్పు కాదు, బియ్యం వయసు అంతే. తేడా తెలియకపోవడమే ఈ బియ్యం తయారుచేసినవాళ్ల గొప్పతనం, ఎందుకంటే వాళ్లు మార్చాలనుకున్నది రుచిని కాదు.

సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. బీపీటీ అంటేనే బాపట్ల. ఇంత మంచి రకానికి ఒక బలహీనత ఉంది, బ్యాక్టీరియా ఎండాకు తెగులు. గాలివాన వచ్చి ఆకులు రాసుకుని చిరిగితే, పైగా యూరియా కాస్త ఎక్కువ పడి ఉంటే, ఇక చూడండి, ఆకు కొన నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపెక్కి గడ్డిలా ఎండిపోతుంది. ఇదిగో ఈ క్లిప్పు పోయిన సీజన్లో తీసింది. తెగులు పట్టిన ఆకుని కత్తెరతో కోసి, గాజు గ్లాసులో నీళ్లు పోసి, కోసిన చివర మునిగేలా పట్టుకున్నాను. జూమ్ చేస్తున్నా, చూడండి, కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి దారం కిందికి జారుతోంది. ఆ దారమంతా బ్యాక్టీరియానే. మా బావ అది చూసి "ఓరినీ, దీనికేనా రా నేను మూడు మందులు కొట్టింది" అన్నాడు. ఆ మూడూ పెద్దగా పని చేయలేదు, ఈ తెగులుకి మందు కొట్టి గెలవడం కష్టం. మొక్కలోనే తట్టుకునే శక్తి ఉండాలి.

ఆ శక్తిని మొక్కలోకి ఎక్కించింది హైదరాబాద్‌లోని రెండు సంస్థలు కలిసి: కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ. రమేష్ సొంటి గారు, ఆర్.ఎం. సుందరం గారు, వాళ్ల బృందం. 2008లో విడుదల చేశారు. మూడు జన్యువులు తెచ్చారు, వాటి పేర్లు ఎక్స్ఏ 21, ఎక్స్ఏ 13, ఎక్స్ఏ 5. ఇంగ్లీషులో రాసేటప్పుడు 21కి ముందుండే ఎక్స్ పెద్దక్షరం, 13కీ 5కీ చిన్నక్షరం. నేను మొదట అచ్చు తప్పేమో అనుకున్నాను. కాదు, కథంతా అక్కడే ఉంది.

ప్రతి జన్యువుకీ రెండు కాపీలు ఉంటాయి కదా, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. పెద్దక్షరం అంటే ఒక్క కాపీ ఉన్నా చాలు, గుణం బయటపడుతుంది. చిన్నక్షరం అంటే రెండు కాపీలూ అలాంటివే అయితేనే బయటపడుతుంది, ఒక్కటే ఉంటే లోపల దాక్కుంటుంది. 1866లో మెండెల్ బఠాణీల మీద అచ్చు వేయించిన లెక్క ఇదే, టెన్త్‌లో మనం బట్టీ పట్టిందీ ఇదే. ఎందుకు అలా అనేది మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు, ఈ బియ్యమే చెప్పింది.

ఎక్స్ఏ 21 కాపలా కుక్క లాంటిది. ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చిన జన్యువు. కణం గుమ్మంలో కూర్చుని, ఈ బ్యాక్టీరియా వాసన తగలగానే మొరుగుతుంది, మొక్క జాగ్రత్త పడుతుంది. వీధిలో ఒక్క కుక్క మొరిగినా అందరూ లేస్తారు కదా, అందుకే ఒక్క కాపీ చాలు. ఇక ఎక్స్ఏ 13 సంగతి వేరు. మామూలు వరిలో ఆ చోట ఉన్న జన్యువు చక్కెరను బయటికి పంపే కుళాయి. బ్యాక్టీరియా మహా తెలివైంది, మొక్క కణంలోకి తన ప్రోటీన్‌ని పంపి ఆ కుళాయి స్విచ్ వేసేస్తుంది, చక్కెర కారుతుంది, అది తిని బలుస్తుంది. ఎక్స్ఏ 13 రకంలో ఆ స్విచ్ దగ్గర డీఎన్ఏ కాస్త మారిపోయి ఉంటుంది, బ్యాక్టీరియా ఎంత నొక్కినా కుళాయి తెరుచుకోదు. మరి ఇంట్లో రెండు కుళాయిలు ఉండి ఒకటే బిగుసుకుపోతే? రెండోది కారుతూనే ఉంటుంది. రెండూ బిగుసుకోవాలి. అందుకే చిన్నక్షరం. ఎక్స్ఏ 5 కూడా దాదాపు ఇదే వరస, స్విచ్ వేయడానికి బ్యాక్టీరియా చెయ్యి ఆనించే చోటు మారిపోయి పట్టు దొరకదు.

ఇప్పుడు ఈ మూడింటినీ సాంబ మసూరిలోకి ఎలా తెస్తారు? వరి పువ్వు చాలా చిన్నది. పొట్టు పైభాగం కత్తెరతో కోసి, లోపల ఆరు పుప్పొడి తిత్తులుంటాయి, అవన్నీ లాగేసి, సంచి తొడిగి, తర్వాత వేరే మొక్క పుప్పొడి దులుపుతారు. ఓపిక అంటే అది. అలా పుట్టిన మొక్కలో సగం సాంబ మసూరి, సగం తెగులు తట్టుకునే ఆ దాత మొక్క. దాన్ని మళ్లీ సాంబ మసూరితోనే కలిపితే దాత వాటా సగటున పాతిక శాతానికి దిగుతుంది, మళ్లీ కలిపితే పన్నెండున్నర. ఇలా నాలుగు సార్లు. చివరికి దాత వాటా మూడు శాతం చిల్లర. పాలలో నీళ్లు కలపడం కాదు, నీళ్లలో పాలు పోస్తూ పోయి మళ్లీ చిక్కటి పాలు చేయడం లాంటిది. అందుకే నాకు నోట్లో తేడా తెలియలేదు.

కానీ చిక్కు ఏంటంటే, ప్రతి తరంలోనూ ఆ మూడు జన్యువులు జారిపోకుండా చూసుకోవాలి. ఎనిమిది మొక్కల్లో ఒకదానికే మూడూ అందుతాయి. పైగా చిన్నక్షరం జన్యువు ఒక్క కాపీగా ఉన్న మొక్కకి తెగులు ఎక్కించి చూస్తే, ఏమీ లేని మొక్కలాగే ఎండిపోతుంది, కంటితో కనిపెట్టలేం. అందుకని చిన్న ఆకు ముక్క తీసి, డీఎన్ఏ తీసి, ఆ జన్యువు పక్కనే ఉండే గుర్తు ఉందో లేదో చూస్తారు. దీన్నే మార్కర్ పద్ధతి అంటారు. ఆఖర్న మొక్కని తనలో తానే ఫలదీకరణ చెందనిస్తే, మూడు జన్యువులూ రెండేసి కాపీలతో వచ్చేవి 64లో ఒకటి. ఆ ఒక్కటీ దొరికిందంటే పండగే. "జీఎం బియ్యమట కదా" అని, అంటే ల్యాబ్‌లో జన్యువులు చొప్పించిన బియ్యమని, పోయిన వీడియో కింద రాసినవాళ్లకి జవాబు కూడా ఇదే, ఇందులో ఉన్నది పుప్పొడి దులపడం, ఎంచుకోవడం, అంతే.

మరి షుగర్ సంగతి? ఈ బియ్యం గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె, దాదాపు 51 వచ్చింది, 55 లోపు అయితే తక్కువ అంటారు, కాబట్టి స్టిక్కర్ పూర్తిగా అబద్ధం కాదు. కానీ ఆ మూడు జన్యువులూ తెగులువి, షుగర్‌వి కావు. మామూలు బీపీటీని కొలిచినా ఆ దరిదాపుల్లోనే వచ్చింది. అంటే మీరు ఇప్పటికే అసలైన బీపీటీ తింటుంటే ఈ స్టిక్కర్ కోసం 30 రూపాయలు పెట్టక్కర్లేదు. "సార్, షుగర్ ఉన్నవాళ్లు ఎంతైనా తినొచ్చు" అన్నాడు షాపతను, ఆ మాట మాత్రం నమ్మకండి, అన్నం అన్నమే, రెండో సారి వడ్డించుకుంటే ఇండెక్స్ ఏం చేస్తుంది.

ఇక రెండో రివ్యూ. 64లో ఒకటి లెక్క వేస్తుంటే, ఇదే లెక్క మా ఇంట్లో కూడా ఉందని గుర్తొచ్చింది.

మా పిన్ని కూతురికి చిన్నప్పటి నుంచి హిమోగ్లోబిన్ పది దాటదు. ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలే ఇచ్చారు, ఎక్కడో చెప్పను, ఐరన్ లోపం ఉందో లేదో ఒక్కసారీ కొలవలేదు. ఈ మధ్య తనకి మేనత్త కొడుకుతో సంబంధం ఖాయం చేద్దామనుకున్నారు. నేను పాత రిపోర్ట్ అడిగి చూస్తే, ఎర్రకణాల సంఖ్య బాగానే ఉంది, కానీ కణం సైజు, ఎంసీవీ అని రాస్తారు, 64. మామూలుగా 80 పైన ఉండాలి. కణాలు బోలెడన్ని, అన్నీ చిన్నవి. అది చూసి హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షకి పంపాను, అందులో హిమోగ్లోబిన్ ఏ2 ఎంత ఉందో తెలుస్తుంది. మామూలువాళ్లకి మూడున్నర శాతం లోపు, తనకి 5.2. బీటా తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకి క్యారియర్, అంటే చెడిన కాపీ ఒక్కటి మోస్తున్న మనిషి.

ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. "జబ్బు కాదు పిన్నీ, ఒక్క కాపీయే" అని బియ్యం కథ చెప్పాను, నవ్వకండి, నిజంగా పని చేసింది. హిమోగ్లోబిన్‌లో ఒక ముక్క తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఇద్దరు వంటవాళ్లు ఉన్న ఇంట్లో ఒకరు సెలవు పెడితే రెండోవాళ్లు నెట్టుకొస్తారు, క్యారియర్ అంటే అంతే. ఇద్దరూ లేకపోతే పొయ్యి వెలగదు. అది తలసీమియా మేజర్, పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి, ఎక్కించిన రక్తంలోని ఐరన్ గుండెలో, కాలేయంలో పేరుకోకుండా మళ్లీ మందులు. అమ్మానాన్న ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ అలాంటి బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకి వచ్చింది కాబట్టి మిగతా ముగ్గురికి రాదు అనే లెక్క ఉండదు, ప్రతిసారీ కొత్తగా బొమ్మాబొరుసే.

ఇక్కడ మేనరికం వల్ల టెన్షన్ ఎందుకంటే, బాబాయికి చేయిస్తే ఆయనకీ ఉంది. అంటే ఆయన తోబుట్టువైన మేనత్తకి ఉండే అవకాశం సగం, ఆమె కొడుక్కి పాతిక శాతం. బయటి సంబంధమైతే ఈ అవకాశం చాలా తక్కువ ఉండేది. మేనరికం చెడ్డదని నేను అనట్లేదు, మా తాతగారిదీ మేనరికమే, మేము బాగానే ఉన్నాం. మేనబావ మరదళ్లకి సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఒకే పెద్దవాళ్ల నుంచి వస్తాయి, మేనమామ మేనకోడలికైతే నాలుగో వంతు. దాక్కున్న చిన్నక్షరాలు అక్కడ ఎదురుపడతాయి, అంతే.

ఆ అబ్బాయి పరీక్షకి ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. "జాతకాలు చూపించారు కదా, ఇంకా రక్తం ఎందుకు" అని వాళ్ల నాన్న. రిపోర్ట్ వచ్చింది, ఏ2 2.6, కణం సైజూ బాగుంది. ఇతనికి లేదు. పిల్లలు క్యారియర్లు కావచ్చు, రోగులు కారు. మాఘమాసంలో పెళ్లి.

పరీక్ష రివ్యూ: వెయ్యి రూపాయల లోపే అయింది, ఒక్కసారి చేయిస్తే జీవితానికి సరిపోతుంది. మైనస్ ఏంటంటే, నిజంగా ఐరన్ లోపం ఉంటే ఏ2 తక్కువ చూపించి మోసం చేయొచ్చు, కాబట్టి ఐరన్ పరీక్ష కూడా కలిపి చేయించి డాక్టర్‌కి చూపించండి. ఇటీవల రక్తం ఎక్కించుకుని ఉంటే ఫలితం నమ్మలేం. ఇద్దరూ క్యారియర్లని తేలినా పెళ్లి మానేయాలని కాదు, గర్భం వచ్చిన 10, 12 వారాల దగ్గర బిడ్డ డీఎన్ఏ చూసే పరీక్ష ఉంది, ఆకు ముక్క కథే మళ్లీ.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. మనం పుట్టకముందు వేరే రకం హిమోగ్లోబిన్ ఉంటుంది, పుట్టాక ఒక జన్యువు దాన్ని ఆపేస్తుంది. తలసీమియా రోగి నుంచి రక్తం తయారుచేసే మూలకణాలు తీసి, ఆ ఆపే జన్యువు స్విచ్‌ని క్రిస్పర్ అనే డీఎన్ఏ కత్తెరతో పాడుచేస్తే, పసితనపు హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. వరిలో కుళాయి స్విచ్ పాడై మేలు చేసింది, ఇక్కడ మనుషులు కావాలని పాడుచేశారు. క్యాస్జెవీ అనే ఈ చికిత్సకి 2023 నవంబర్‌లో బ్రిటన్ అనుమతి ఇచ్చింది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. అవును, ఇంకోసారి చదువుకోండి. వెయ్యి రూపాయల పరీక్షకి ఇప్పుడు ఎన్ని స్టార్లు ఇవ్వాలో మీరే చెప్పండి. అదే క్రిస్పర్‌తో మన సాంబ మసూరిలోనూ ఒక జన్యువు మార్చి, కంకికి గింజలు పెరిగేలా "కమల" అనే రకాన్ని 2025 మేలో ప్రకటించారు. అది నా చేతికి ఇంకా రాలేదు, వస్తే వండుతాను.

మా బావ ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఒకటే, "విత్తనం దాచుకోవచ్చా, ప్రతి ఏడూ కొనాలా?" దాచుకోవచ్చు బావా, ఇది హైబ్రిడ్ కాదు, మూడు జన్యువులూ రెండేసి కాపీలతో స్థిరపడ్డాయి, పక్క రకం కలవకుండా చూసుకుంటే చాలు. ఈసారి అరెకరంలో వేస్తానన్నాడు. తినేవాళ్లకి నా రేటింగ్ అయిదుకి మూడు, ఆ ధరకి. ఎండాకు తెగులు వచ్చే చోట పండించేవాళ్లకి నాలుగున్నర.

ఈ ముక్క మర్నాడు పొద్దున తీస్తున్నా. రాత్రి మిగిలిన అన్నాన్ని రెండు గిన్నెల్లోనూ పెరుగు కలిపి పెట్టాం, చద్దన్నంగా ఎలా ఉంటుందో చూద్దామని. మూతల మీద పేర్లు రాయడం మర్చిపోయాను. మా ఆవిడ రెండూ రుచి చూసి, నేనూ రెండూ రుచి చూసి, ఏది ఏదో ఇంకా తేలలేదు.