ఫైనల్లీలో క్లోజ్ రాశారా? అయితే ఆ లీక్ మీదే!

సర్వర్ పడిపోయిన ప్రతిసారీ ఒకటే మాట: "జూనియర్ ఎవడో డేటాబేస్ కనెక్షన్ క్లోజ్ చేయడం మర్చిపోయాడు." ఆపండి బాబూ! మర్చిపోయినవాడు కాదు, ఫైనల్లీలో (ఎర్రర్ వచ్చినా రాకపోయినా చివర్న నడిచే బ్లాక్) శ్రద్ధగా క్లోజ్ రాసిన సీనియరే అసలు దొంగ. అవును, అదే అంటున్నా. తిట్టుకోండి, కానీ మీ కోడ్ తెరిచి పెట్టుకుని తిట్టుకోండి.

జావాలో ఆ మూడు లైన్లు మీకు కంఠస్థమే. ముందు రిజల్ట్‌సెట్ (క్వెరీ ఫలితం) క్లోజ్, తర్వాత స్టేట్‌మెంట్ (క్వెరీని నడిపేది), చివర్న కనెక్షన్. చూడముచ్చటగా ఉంది కదూ? ఇప్పుడు క్వెరీలో టేబుల్ పేరు తప్పు పడిందనుకోండి. రిజల్ట్‌సెట్ పుట్టనే లేదు, అది నల్, అంటే ఖాళీ. మొదటి లైన్‌లోనే నల్ పాయింటర్ ఎక్సెప్షన్! కింది రెండు లైన్లు నడవవు, కనెక్షన్ పూల్‌కి (తెరిచిన కనెక్షన్లని మళ్లీ మళ్లీ వాడుకోవడానికి దాచుకునే చోటు) తిరిగి రాదు, అదే లీక్. పైగా అసలు ఎర్రర్ మాయమై, లాగ్‌లో నల్ పాయింటర్ ఒక్కటే కనిపిస్తుంది. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే!

జావాలో పూల్ నడిపే లైబ్రరీ హికారీలో డిఫాల్ట్‌గా 10 కనెక్షన్లే. ఇలా పదీ పోయాయా, తర్వాతి రిక్వెస్ట్ 30 సెకన్లు పడిగాపులు కాసి టైమౌట్. అప్పుడు మన మేధావులు ఏం చేస్తారు? పూల్ సైజు 50 చేస్తారు. లీక్ అలాగే ఉంటుంది, పడిపోవడం సాయంత్రానికి వాయిదా పడుతుంది, అంతే. లీక్‌ని పట్టే సెట్టింగ్ హికారీలోనే ఉంది మహాప్రభో! లీక్ డిటెక్షన్ థ్రెషోల్డ్. డిఫాల్ట్‌గా సున్నా, అంటే ఆఫ్. మీలో ఎంతమంది ఆన్ చేశారు?

"జాగ్రత్తగా రాస్తే ఏం కాదు" అంటారా? జావా లైబ్రరీలు రాసినవాళ్లకంటే జాగ్రత్తపరులా మీరు? 2007లో ఆ లైబ్రరీల్లోనే క్లోజ్ వాడిన చోట్లలో మూడింట రెండొంతులు తప్పేనని జాషువా బ్లాక్ చెప్పాడు. ఆయనేమీ దారినపోయే దానయ్య కాదు, జావా కలెక్షన్స్ డిజైన్ చేసినాయన. 2011లో జావా 7తో ట్రై విత్ రిసోర్సెస్ వచ్చింది. ట్రై పక్కన బ్రాకెట్లలో మూడూ తెరిస్తే చాలు. చివర తెరిచినదాన్ని ముందు మూస్తుంది, నల్ అయితే వదిలేస్తుంది, మూసేటప్పుడు వచ్చిన ఎర్రర్‌ని అసలు ఎర్రర్‌కి తగిలించి ఇస్తుంది. ఇంకా ఫైనల్లీని పట్టుకుని వేలాడేవాళ్లని ఏమనాలి?

పైథాన్ బ్యాచ్, మీరు నవ్వకండి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ కనెక్షన్‌ని విత్ బ్లాక్‌లో పెట్టి, అదే మూసేస్తుందనుకుని హాయిగా నిద్రపోతున్నారు కదా? ఆ విత్ కమిట్ (మార్పులు ఖాయం చేయడం), రోల్‌బ్యాక్ (వెనక్కి తీసుకోవడం) చూసుకుంటుంది, కనెక్షన్‌ని మూయదు! డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, పోయి చదవండి. మూయకుండా వదిలేస్తే వార్నింగ్ ఇవ్వడం కూడా పైథాన్ 3.13లోనే మొదలైంది. పైథాన్ కాంటెక్స్ట్‌లిబ్ లైబ్రరీలో, బ్లాక్ అయ్యాక మూసేసే క్లోజింగ్ అని ఒకటి ఉన్నది దేనికనుకున్నారు?